గాజు పట్టీ

పగులుకి అడ్డంగా ఓ గాజు పట్టీ అతికిస్తాం,
వేలెడు పొడవు, అప్పడమంత పలచన.
రెండు చివర్లా సిమెంటు బొట్టు,
పక్కన ఎర్ర రంగుతో తేదీ.
గాజు చిట్లితే రోడ్డు కదిలినట్టు.
నాకు తెలిసిన శాస్త్రం అంతే.
మిగతాది తైపేలో కంప్యూటర్లు చూసుకుంటాయి.

చింగ్‌షుయ్ చరియల మీద, మలుపు తిరిగాక,
ఎడమ చేతికి కొండ, కుడి చేతికి ఏమీ లేదు.
ఆ ఏమీ లేనిదాని అడుగున సముద్రం:
ఒడ్డున పాలు ఒలికిన నీలం, కాస్త లోపలికెళ్తే సిరా.
బస్సు దిగి ఫొటోలు తీసుకునేవాళ్లు దాన్నే చూస్తారు.
నాకు జీతమిచ్చేది తారు వైపు చూడ్డానికి.

మా నాన్న మసావ్ ఈ దారిని వెడల్పు చేసినవాళ్లలో ఒకడు.
నడుముకి తాడు, బుగ్గన వక్క, చేతిలో సుత్తి.
"కొనలేదు, అడిగి తీసుకోలేదు,
చేబదులు తెచ్చుకున్నాం రబాయ్" అనేవాడు.
ఎప్పటికి తీర్చాలో ఎవరూ రాసుకోలేదు.
తాడు తెగినవాళ్ల పేర్లు మాత్రం ఆయన దగ్గరుండేవి.
తాగిన రాత్రి పైకి చెప్పేవాడు,
తాగని రాత్రి పెదాలు మాత్రం కదిలేవి.

సొరంగం వచ్చింది, లారీలన్నీ అటు మళ్లాయి.
ఇప్పుడీ దారిన తిరిగేది
సైకిళ్లేసుకొచ్చే కాలేజీ కుర్రాళ్లు,
తేనెటీగల పెట్టెలు మోసుకెళ్లే ముసలి ట్రక్కు,
ఇంకా, బియాంగ్ వక్కల కొట్టుకి సున్నం తెచ్చే స్కూటరు.
కొట్టు ముందు పచ్చ దీపం తెల్లార్లూ వెలుగుతూనే ఉంటుంది.
"ఎవరొస్తారని?" అన్నానొకసారి.
"ఆర్పితే వచ్చేవాడు కూడా రాడు" అంది,
ఆకు మడుస్తూ, తలెత్తకుండా.

తుఫాను వెళ్లిన మూడో రోజుకి నాలుగు పట్టీలు చిట్లాయి.
రిజిస్టర్లో కారణం గడికి మూడే మాటలు అచ్చేసి ఇచ్చారు:
వాన. భూకంపం. ఇతరములు.
వాన ఆగింది, భూమి కదల్లేదు.
ఇతరముల పక్కన టిక్కు పెట్టాను.
ఇరవై రెండేళ్లలో ఎక్కువ పెట్టింది అక్కడే.

ఆ తెల్లవారుజామున కోతులు రాలేదు.
రోజూ ఆ వేళకి పైనుంచి దిగి
పిల్లల్ని పొట్టకి కరిపించుకుని
తెల్ల గీతని తొక్కకుండా రోడ్డు దాటేవి.
కో అనే కొత్త ఇంజనీరు కుర్రాడు మీటర్లు చూపించాడు,
అన్నీ పచ్చగానే ఉన్నాయి.
"కోతులు రాలేదు" అన్నాను.
నవ్వుతాడనుకున్నాను.
జేబులోంచి గేటు తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

ఉరుములా మొదలవుతుందనుకుంటారు. కాదు.
ఎవరో వంటింట్లో బియ్యం చెరుగుతున్నట్టు
పైన సన్నగా చప్పుడు.
తర్వాత చెట్లు నిలబడే నడిచాయి.
తర్వాత దుమ్ము, మా నోళ్లలో, కళ్లలో,
ఆ దుమ్ము లోపల ఎక్కడో నా సీసా పెంకులు,
నా ఎర్ర తేదీలు.
సముద్రం చాలాసేపటికి గాని జవాబు చెప్పలేదు.

దుమ్ము దిగేసరికి
తెల్ల గీత నేరుగా వెళ్లి గాలిలో ఆగింది.
రెయిలింగు ఒకటి, కట్టు ఊడిన పంటిలా, వేలాడుతోంది.
కో మోకాళ్ల మీద కూర్చుని కొలతలు రాస్తున్నాడు,
చేతులు వణుకుతుంటే అంకెలు గడులు దాటుతున్నాయి.

అవతలి ఒడ్డున కొట్టు.
కేకేశాను, గాలి నా మాటని పక్కకి లాక్కుపోయింది.
ఫోన్లు పనిచెయ్యలేదు.
పచ్చ దీపం వెలుగుతోంది. అది దీపమే, మనిషి కాదు.
మళ్లీ కేకేశాను, వాళ్లమ్మ పెట్టిన పేరుతో.

దీపం ఆరిపోయింది.

ఎన్నేళ్లయిందో అది ఆరగా చూసి.
కో రాయడం ఆపాడు.
వెలిగింది. మళ్లీ ఆరింది. వెలిగింది.
నా దగ్గరున్నది హెల్మెట్ లైటొకటే.
తల వంచాను, ఎత్తాను,
వంచాను.