ఎడమకి వాలే కర్ర

కంచరపాలెం ఇంట్లో అటక దులిపితే
జాయ్‌స్టిక్కు రాలింది.
సముద్రపు గాలి కిటికీ చువ్వల్ని వదిలేసి
ముందు తిన్నది
దాని ఎర్ర బటన్ కింది స్ప్రింగునే.
సైకిల్ ట్యూబు ముక్క పెట్టి బతికించాడప్పుడు
రేడియోల నూకరాజు, మూడు రూపాయలకి.

క్యాసెట్టు ఊదేవాళ్ళం, నేనూ చెల్లి పైడీ,
తడికట్టెల పొయ్యి ఊదినట్టు.
అట్ట మీద తొంభై తొమ్మిది లక్షల ఆటలు,
లోపల ఆరే.
రెండో జాయ్‌స్టిక్కు వైరు పొట్టి.
అదెప్పుడూ పైడిదే.

నాన్న పోర్టులో క్రేన్ తోలేవాడు.
"పగలంతా అదే గదరా, సాల్లే" అని
ముట్టుకునేవాడు కాదు.
ఒక్క రాత్రి, మేం పడుకున్నామనుకుని
టీవీ ముందు కూర్చున్నాడు, సౌండు తగ్గించి.
దుప్పటి సందులోంచి చూశాను.
ఒక్క ట్యాంకునీ పేల్చలేదు.
తనదాన్ని మెల్లగా, మెల్లమెల్లగా నడిపి
ఇటుక గోడ పక్కన
గుడ్ల బుట్ట దించినట్టు ఆపాడు.
శత్రువులొచ్చి కాల్చేశారు.
మళ్ళీ మొదలెట్టాడు.

ఇప్పుడు దీన్ని తగిలించే టీవీ లేదు.
కర్ర మీద బొటనవేలు ఆనిస్తే
కొంచెం ఎడమకి వాలుతోంది,
డ్యూటీ దిగి వచ్చేటప్పటి
ఆయన భుజంలా.