నలభై ఒకటి

కోఠీ కాలేజీ మేడ మీది గదిలో
కర్పూరం, జిగురు, పాత కాగితం వాసన.
కూలర్ మొరాయించిన సెప్టెంబరు ఉక్కలో
మంచుకొండ పువ్వును బల్ల మీద పెట్టాను.

నాంపల్లి స్టేషన్లో కొన్న ఉర్దూ పత్రిక మడతల్లో
మూడు రైళ్లు మారి వచ్చింది.
నీలం వెలిసి సిరా మరకలా మిగిలింది.
వేరుకు ఇంకా కొంచెం కొండ అంటుకునే ఉంది.

"ఒక్క లోయ అంచున తప్ప
భూమ్మీద ఇంకెక్కడా లేదిది" అన్నాను,
కొంచెం గొప్పగానే.

నఫీసా బేగం సూదిని కళ్ల దగ్గరికి తెచ్చుకుని
దారం ఎక్కిస్తోంది.
హుస్సేనీ ఆలంలో ఇరవై ఏళ్లు
పెళ్లి బట్టల మీద జరీ పూలు కుట్టిన చేతులు.
చూపు మందగించాక ఇక్కడ
ఎండిన మొక్కల్ని అట్టకు కుట్టే పని.
"ఆ పూలకు వాసన లేకుండె, వీటికి పానం లేదు" అంటుంది,
ఫిర్యాదుగా కాదు, లెక్క చెప్పినట్టు.

"మొత్తం ఎన్ని ఉన్నయి సార్ అక్కడ?"
"నలభై ఒకటి."
సూది ఆగింది.
"దీన్ని కలిపి చెప్తున్నరా, తీసేసి చెప్తున్నరా?"

ఆ ప్రశ్నకు లేబుల్లో గడి లేదు.
ఎత్తు రాశాను. తేదీ రాశాను. వాలు ఏ దిక్కో రాశాను.
నా మోకాళ్ల కింద నలిగిన నాచు సంగతీ
పెరికినప్పుడు వచ్చిన చిన్న చప్పుడు సంగతీ రాయలేదు.

కాడకు మూడు కుట్లు, ఆకుకు ఒకటి.
పువ్వును మాత్రం కుట్టలేదామె.
జిగురు చుక్కతో ఆనించి, వేలు తీయకుండా
చాలాసేపు కూర్చుంది,
హకీము నాడి పట్టినట్టు.

కింది రెమ్మ ముందే కాయ కట్టినట్టుంది.
పత్రిక మడతలో, క్రికెట్ స్కోరు పక్కన,
ఆవగింజలో సగమైనా లేని నల్లటి గింజ.
నేనైతే దులిపేసేవాణ్ణి.

"ఈడ మొలుస్తదా?"
"ఈ ఊళ్లోనా? ఆర్నెల్లు మంచు కింద పడుకోవాలి, తర్వాత చూడాలి."

మర్నాటి నుంచి డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో
ఐసు ట్రే వెనక ఖాళీ అత్తరు సీసా.
సీసాలో దూది, దూదిలో అది.
మూత మీద ఉర్దూలో ఏదో రాసింది.
నాకు చదవడం రాదు, అడగనూ లేదు.

ఇప్పుడు కరెంటు పోయినప్పుడల్లా
వీధి పొడుగునా జనరేటర్లు అరుస్తుంటే
ఆమె కుట్టు ఆపి, దుపట్టా సర్దుకుని లేచి
ఫ్రిజ్ తలుపుకు వీపు ఆనించి నిలబడుతుంది,
ఎవరూ తెరవకుండా.

నా నోట్‌బుక్‌లో నలభై అని దిద్దాను.
పెన్సిల్‌తోనే.