ఏడో ప్రశ్న

ప్రకటన వేయడం ఇది మూడోసారి:
తల్లుల, గర్భస్థ శిశువుల ఆరోగ్య విభాగానికి
అనుభవమున్న ప్రొఫెసర్ కావలెను.
మొదటిసారి వచ్చినాయన అబెర్డీన్ చలికి జడిసి మాట మార్చాడు.
రెండోసారి ఒప్పుకున్నావిడ భర్తకి ఈ ఊళ్ళో కొలువు దొరకలేదు.
ఏడాదిన్నరగా ఆ గది తలుపు మీద
పేరు ఊడదీసిన చోట జిగురు మరక.

నా పని మినిట్స్ రాయడం.
ఎవరేమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.

కిటికీ హార్బరు వైపు. బయట పొగమంచు,
ఓడల బూరలు వినబడుతున్నాయి, ఓడలు లేవు.
డీన్ గెడిస్ అందరికీ మార్కుల కాగితం పంచాడు:
పరిశోధనకి ఇన్ని, తెచ్చిన నిధులకి ఇన్ని, చదువు చెప్పడానికి కొన్ని.
ఆరో కుర్చీలో ఇస్‌బెల్ ఫ్లెట్.
ఓర్క్నీ దీవుల్లో బడి బస్సు నడుపుతుంది,
రాత్రి ఫెర్రీలో వచ్చింది.
ముందు అట్టముక్క మీద "ప్రజా ప్రతినిధి" అని ఉంది.
కాఫీ వద్దంది. కోటు విప్పలేదు.

హెన్రికా ఫోస్, రోస్టాక్ నుంచి.
నూట అరవై పత్రాలు.
ఇరవై రెండేళ్ళు మావి మీదే గడిపిన మనిషి:
తల్లి నెత్తురూ బిడ్డ నెత్తురూ
కలవకుండానే ఇచ్చిపుచ్చుకునే
ఆ పల్చటి సరిహద్దు మీద.
ఆరు ప్రశ్నలు
నున్నటి రాతి మీద నీళ్ళలా జారిపోయాయి.

ఏడోది ఇస్‌బెల్ వంతు.
కాగితంలో ఉన్నది చదవలేదు.
"నాకప్పుడు ముప్ఫై మూడో వారం.
గుండె ఆగిందని చెప్పినాయన
తెర వైపు చూస్తూ చెప్పాడు.
మంచివాడే, తప్పు పట్టను.
మీరెటు చూస్తారు?"

డీన్ దగ్గాడు. ఎవరిదో పెన్ను దొర్లి కింద పడింది,
ఎవరూ వంగలేదు.
నిశ్శబ్దానికి నా దగ్గర గడి లేదు.
గడియారం చూశాను, చేతనైంది అదొక్కటే:
ముప్ఫై ఎనిమిది సెకన్లు.

"తెర వైపే," అంది హెన్రికా.
"ఇంకోలా చెబితే అబద్ధం.
కొత్తలో ఒకసారి తొందరపడి తల్లి మొహంలోకి చూశాను.
నోరు విప్పకముందే నా కళ్ళు చెప్పేశాయి.
మళ్ళీ వెతికితే
గుండె కొట్టుకుంటోంది, ఓ మూల, ఒద్దికగా.
బిడ్డకిప్పుడు పందొమ్మిదేళ్ళు.
ఆ నాలుగు నిమిషాలకి
ఆవిడ నన్నింకా క్షమించలేదు.

ముందు నాకు రూఢి కావాలి.
అయ్యాక తెర ఆర్పేస్తాను.
కూర్చుంటాను. నిలబడి చెప్పను."

ఇస్‌బెల్ తలైనా ఊపలేదు.

ఆమె వెళ్ళాక గంటన్నర వాదన.
టొరంటో ఆయన తెచ్చే నిధులు రెట్టింపు, అన్నారొకరు.
రెట్టింపుకి కాస్త తక్కువ, అన్నారింకొకరు.
ఫెర్రీ వేళయిందని ఇస్‌బెల్ లేచింది.
"నా గడి ఖాళీగా ఉంది, సున్నా అనుకునేరు," అని
కోటు గుండీ పెట్టుకుంటూ వెళ్ళిపోయింది.
కాగితాలు పోగుచేస్తుంటే కనబడింది:
మార్కుల చోట ఏమీ లేదు,
అంచున పెన్సిలుతో ఒక్క మాట,
"కూర్చుంటుంది."

మినిట్స్‌లో నేను రాసింది:
ఏడో ప్రశ్న. అభ్యర్థి జవాబిచ్చారు.

జూన్‌లో రోస్టాక్ నుంచి జాబితా వచ్చింది:
స్కాన్ యంత్రం ఒకటి,
ఇద్దరు పరిశోధకులకి మూడేళ్ళ జీతం,
చక్రాలున్న పొట్టి స్టూళ్ళు నాలుగు.
లెక్కల విభాగం నుంచి ఫోను:
స్టూళ్ళు ఏ పద్దు కింద?
పరిశోధన పరికరాలు, అన్నాను.
ఏం చేస్తాయవి, అన్నాడు.
ఎత్తు తగ్గిస్తాయి, అన్నాను.