నిండు తాంబాళం

దోహాల యూనివర్సిటీ రెండో అంతస్తు.
ట్రేల పదకొండు కప్పులు, ఒకటి చక్కెర లేంది.
తలుపు సందుకు చెవి పెట్టి నిలబడ్డ.
తెల్లగడ్డం సారు చెప్తున్నడు:
పాత రోముల ఒక తీరు కవిత్వముండేదట,
దేవుని ముందర పెట్టే నిండు తాంబాళం కెల్లి
దానికి పేరొచ్చిందట.
అంజీర పండ్లు, గింజలు, ఏది పండితే అది, అన్ని కలిపి.
ఎక్కిరింతకు గంత మంచి పేరా అనుకున్న.
మా సనాయియా మెస్సుల గూడ
పప్పు, చాప ముల్లు, నిన్నటి అన్నం
ఒక్క పళ్లెంలనే పడ్తయి.
దానికి మేం పెట్టుకున్న పేరు వేరే. ఈడ చెప్పద్దు.

గీ కవిత్వమొక్కటి మా సొంతమని
రోమోళ్లు మీసం తిప్పిన్రట.
మీసం వాళ్లదే, దువ్వెన గ్రీకులది, అని నవ్విండు సారు.
తత్వమంత ఆడికెల్లి అప్పు తెచ్చిందే:
ఒకాయన రాయిలెక్క ఉండుమన్నడు, ఏది వచ్చినా.
ఒకాయన చిన్న తోట, నలుగురు దోస్తులు చాలన్నడు.
ఒకాయన మన్ను కాగుల పండుకొని
వచ్చినోని మీద కుక్కలెక్క మొరిగిండు.

చాయ్ సల్లారింది. తిట్లు తిన్న.

రాత్రి, పన్నెండు మంచాల రూముల
మొగులయ్యను చూసిన. మూడు నెల్ల జీతం రాలే.
"రానీ తియ్" అని గోడ దిక్కు మల్లిండు.
రాయి.
నేపాల్ తేజ్‌బహదూర్ నెయ్యి డబ్బల కొత్తిమీర పెంచుతడు,
ఏసీ కారిన నీళ్లు పోస్తడు,
ఒక్క రెబ్బ తెంపనియ్యడు.
మొరిగేటోని జాగ ఖాళీగుండె.
నేను తీసుకున్న.

వాళ్ల కవితల పాదానికి ఆరు అడుగులట.
నా మంచం గూడ ఆరే.
పండుకుంటే నేనొక పాదం.

డిసెంబరు పద్దెనిమిది. ఇక్కడి జాతీయ దినం, సెలవు.
రోముల గూడ గీ రోజులల్లనే
బానిసలకు నోరు తెరిచే సెలవు దొరికేదట.
కంపెనీ బిర్యానీ పొట్లాలు పంపింది.
బకెటు బోర్లేసి ఎక్కిన.
క్యాంపు బాసు అత్తరు మీద చదివిన,
మేస్త్రీ లెక్కలల్ల మాయమైన శుక్రవారాల మీద చదివిన,
ఒక్క ఓవర్‌టైం కోసం తెల్లారకముందే
మేనేజరు వాకిట్ల సలాములు కొట్టేటోళ్ల మీద.
(ఆడ గూడ గిదే. పెద్దింటి ముందర లైను,
చేతుల గంప.)
నవ్విన్రు. ఒకని చేతిల పొట్లం కిందవడ్డది.
బాసు అందరికంటె ఎక్కువ నవ్విండు.
ఆయనకు తెలుగు రాదు.

అప్పుడు కింది మంచం రాజలింగు అడిగిండు:
"నీ మీద ఏది?"

వానికి తెలుసు. ఫోటో తీసింది వాడే.
సారు లేనప్పుడు సారు కుర్చీల నేను,
మెడల ఎవలదో టై,
మెట్‌పల్లిల బామ్మర్ది ఫోనుకు పోయింది,
"కొత్త డ్యూటీ" అని కింద రాసి.

బకెటు దిగిన.
నోట్లున్న పాదం
ఐదు అడుగులేసి ఆగింది.

తేజ్‌బహదూర్ ఏం అనలే.
కిటికీ కాడికి పోయి ఒక రెబ్బ తెంపి
నా బిర్యానీల ఏసిండు.