తెల్ల మీద తెల్ల

హన్మకొండల మా వృద్ధాశ్రమం రిజిస్టర్‌ల
రాజవీరు పేరుకెదురుగ
నెల దినాల సంది ఒక్కటే మాట రాస్తున్న:
"సగం తిన్నడు."

బరువు నలభై ఒకటి.
మెత్తగ వండిన, పెరుగు కలిపిన,
తెల్ల పళ్ళెంల పెట్టి బతిలాడిన,
ఒకనాడు కసురుకున్న గూడ,
అది మాత్రం రిజిస్టర్‌ల రాయలె.

ఆయన చెంచ పళ్ళెమంత తిరుగుతది,
అంచును గీకుతది,
ఉత్తదే నోట్లెకు పోతది.
ఆకలి సచ్చిందనుకున్న.

నిన్న పప్పుచారు ఒలికి
అన్నం మీద పసుప్పచ్చ మరక పడ్డది.
తుడవబోతే చెయ్యి పట్టుకున్నడు:
"ఉండనీ బిడ్డా, గిప్పుడు జాడ దొరికింది.
కొత్తవాడల నలభై ఏండ్లు జంపఖానలు నేసిన.
తెల్ల పడుగు మీద తెల్ల పేక ఏస్తే
మంచి కండ్లోడే ఆగమైతడు.
నాయి పొర కమ్మిన కండ్లాయె."

గింతేనా!
పొద్దుమూకి చౌరస్తాకు పోయి
డెబ్బై రూపాయలకు ఎర్ర పళ్ళెం కొన్న.
పెరుగన్నం, పక్కన ఇంత చింతకాయ తొక్కు.
చెంచ సప్పుడు ఆగలె.
ఆఖరుకు వేలుతోని అంచు చుట్టు తడిమిండు,
మగ్గం దించిన బట్టను చూసుకున్నట్టు.

"మొత్తం తిన్నడు" అని రాసి
పెన్నుకు మూత పెడుతుంటే
అవతలి మంచం కాడ
ఓదెమ్మ పళ్ళెం అట్లనే ఉన్నది.
ఆమె కండ్లు మంచియే.

స్టూలు గుంజుకొని పక్కన కూసున్న.
"అవ్వా, మీ ఇంట్ల ఏ యాళ్లకు తినేటోళ్లు?"