ఏడు బారల లోతు

ముందు సీళ్ళు నోరు మూసుకున్నాయి.
పొద్దున్నుంచి బండల మీద సంతలా
అరిచి, మొరిగి, దగ్గిన వందల గొంతులు
గొళ్ళెం పడ్డట్టు ఆగిపోయాయి.
నీళ్ళలో ఆడుతున్నవి ఒక్కొక్కటే గట్టెక్కి
సముద్రం వైపు తిరిగి కూర్చున్నాయి,
మీసాల కొసల నీళ్ళు కారుతుంటే
రెప్ప వెయ్యకుండా.

పోర్ట్ లింకన్ నుంచి మూడు గంటల దూరం ఈ దీవులు.
జూన్ నెల. చలి పళ్ళ మధ్య ఇసుక.
పడవ మీద నేను, గాలి కొట్టే యంత్రం,
దానికి పేగులా వేలాడే పసుప్పచ్చ గొట్టం.
గొట్టం అవతలి కొసన స్టిపె,
ఏడు బారల లోతులో
రాతిని కరుచుకున్న అబలోనీలను
ఇనప బద్దతో పెకలిస్తూ.
ఇరవై రెండేళ్ళుగా అతనికిదే పని.
నాకిది రెండో చలికాలం.

నేర్పింది అతనే:
అడుగున ఉన్నవాడికి రాయి తోడు,
పైన ఉన్నవాడికి పడవ.
మధ్యలో ఉన్నవాడికి ఎవరూ లేరు.
అది కిందనుంచి పైకి చూస్తుంది.
వెలుతురు మీద పడ్డ మచ్చ
సీలు కావచ్చు, నువ్వు కావచ్చు,
ఆ తేడా పళ్ళతోనే తెలుసుకుంటుంది.

గొట్టాన్ని మూడుసార్లు లాగాను.
మూడంటే, రాకు.
కిందనుంచి ఒక్కసారి లాగాడు.
ఒకటంటే, తెలుసు.

వీపు బండ రంగు, కడుపు సున్నం రంగు.
పైనుంచి చూస్తే అడుగు, అడుగునుంచి చూస్తే ఆకాశం.
అంత ఒంటిని అంత చిన్న ఉపాయంతో దాచుకుని,
చన్నీళ్ళలో వెచ్చటి నెత్తురు మోసుకుంటూ,
ముట్టె మీది సన్నటి రంధ్రాలతో
ఎవరి గుండె ఎక్కడ కొట్టుకుంటోందో చదువుతూ
ఎక్కడో తిరుగుతోంది, తొందర లేకుండా.

మా జాలరిపేటలో బాలింతకు పాలసొర పిట్టు పెడతారు.
వెల్లుల్లి ఘాటు, గుడ్డలో పిండిన తెల్లటి పీచు.
మా నానమ్మ గరికిన పోలమ్మ పొయ్యి ఊదుతూ అనేది,
"సొర తిన్న తల్లి బిడ్డకి సంద్రం బెదురుండదే."
నేను తాగిన మొదటి పాలలో సొర ఉంది.
ఆ సంగతి దీనికి ఎవరు చెప్పాలి?

యంత్రం దగ్గింది.
పెట్రోలు.
ఆపితే అతనికి ఊపిరి లేదు.
నడుస్తున్నదాని నోట్లోనే పోయాలి,
కాలిన ఇనుము మీద చుక్క పడకుండా.
గరాటు దొరకలేదు. టీ ఫ్లాస్కు మూతతో పోశాను.
ఒకటి, రెండు, ఏడు, పదకొండు.
లెక్కపెట్టడం తప్ప
నా చేతులకు వేరే ధైర్యం లేదు.

పన్నెండో మూత నింపుతుండగా
ఆలస్యంగా గట్టు చేరుతున్న ఒక పిల్ల సీలు కింద
నీళ్ళు ఉబ్బాయి.

చప్పుడు తర్వాత వచ్చింది.
ముందు ఆ పొడుగంతా గాలిలో,
కన్ను వెనక్కి తిరిగి తెల్లబడి.
తన వేటను తానే చూడలేదది.
పిల్ల ముట్టె అంచున జారి
బంతిలా ఎగిరి, నీళ్ళలో పడి, బండ మీదికి పాకి
తల్లి కోసం అరిచింది.

తప్పింది.
దానికీ తప్పుతుందని నాకెవరూ చెప్పలేదు.
అంత ఒళ్ళు, అంత ఓపిక,
జానెడు తేడాలో ఖాళీ నోరు.

పడవ పక్కనుంచి వెళ్తూ ఒరిగి చూసింది.
నలుపనుకున్న కన్ను దగ్గర్నుంచి ముదురు నీలం.
అందులో కోపం వెతికాను.
సంతలో వంకాయల వైపు చూసి
బేరమాడకుండా సాగిపోయే మనిషి చూపు.

నలభై నిమిషాలకు ఒక సీలు దగ్గింది.
ఇంకొకటి దాన్ని తిట్టింది.
గొట్టం రెండుసార్లు లాగాను.

ఆ మధ్య నీళ్ళలోంచి
ఎంత నిదానంగా వచ్చాడో స్టిపె.
తనకంటే ముందు సంచి అందించాడు, నిండుగా.
"ఊరికే కూచుంటే చలి," అన్నాడు.
మూత లేని ఫ్లాస్కు చూసి, "టీ ఉందా?"
"పెట్రోలు వాసనొస్తుందేమో."
ఎత్తి తాగాడు.
స్టీలు అంచుకు తగిలి
అతని పళ్ళు చాలాసేపు టకటకలాడాయి.