మూడో నీళ్లు

జంఖానా తడిస్తే మనిషంత బరువు.
ఇద్దరు పట్టాలె, ఒకరు తిట్టాలె.

కొత్తవాడల మగ్గం గుంటల కాళ్లు దించి
మా ఓదెలు తాత నేసింది ఇది.
నీలం పట్టె, ఎర్ర పట్టె, నడుమ తెల్లటి మెట్లు.
పెండ్లిచూపులకు పరిచినం, పురుడుకు పరిచినం,
కరెంటు పోయిన రాత్రుల డాబా మీదేసి
చుక్కలు లెక్కవెడుతనే నిద్రవోయినం.

ఉతుకుడంటే ఏడాదికొక్కసారి, ఎండలు ముదిరినంక.
ముందుగాల దండెం మీదేసి కట్టెతోని కొట్టుడు.
దుమ్ము లేస్తది. సాంబలక్ష్మి చిన్నమ్మ దగ్గుకుంటనే
"ఆజంజాహి మిల్లుకాడి మన్నంత మనింట్లనే ఉన్నదే" అంటది.
తర్వాత కుంకుడు నురుగు, కాళ్లతోని తొక్కుడు,
జారిపడి నవ్వుడు.
మొదటి నీళ్లు మన్ను.
రెండో నీళ్లు చాయ, పసుపు, పిల్లగాండ్ల ఉచ్చ.
మూడో నీళ్లల్ల ఎరుపు జరంత పోతది.
అది పోవద్దు.
ఏం జేస్తం, పోతది.

మొన్న హన్మకొండల దుమ్ము గుంజే మిషిన్ కొన్నరు.
గుర్రుమన్నది. సంచి ఇప్పితే గుప్పెడు బూడిద.
కోడలు సంబురపడ్డది: "చూడత్తా, నీళ్లే వద్దు!"

నేను అంచుకాడ కూసున్న.
అక్కడ ఒక తెల్లమెట్టు తక్కువ.
మేనత్త పుట్టిందని కబురొస్తే
తాత మగ్గం దిగి ఉరికిండట,
మళ్లొచ్చి లెక్క తప్పిండట,
చూసి గూడ ఇప్పలేదట.
మూడో నీళ్లు వార్చినంకనే
ఆ తప్పు తేటగ కనపడేది.

మిషిన్ దాని మీదికెళ్లి రెండుసార్లు పోయింది.
దానికేం దొరకలే.